లోపలి బనీను

మా తాయిచీ మాస్టారు పోయారు. మొన్న సోమవారం పొద్దున, టిఫిన్ల వేళకి, బల్కంపేటలో వాళ్ళింట్లోనే పోయారు. నేను వెళ్ళేసరికి హాల్లో చాప మీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వంగి ముఖం చూసి ఒకటే మాట. "ఎంత కళగ ఉన్నడు చూడుండ్రి! ఒక్క ముడత లేదు. అరవై దాటిన మనిషంటే ఎవలన్న నమ్ముతరా?" మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కూడా అదే గోల. 'సాధన ఫలం' అని ఒకరు, 'పుణ్యాత్ముల ముఖం ఇలాగే వెలుగుతుంది' అని ఇంకొకరు, కింద వరసగా దణ్ణాలు.

నేను గోడకి ఆనుకుని నిలబడి పళ్ళు కొరుక్కున్నాను. అది కళ కాదు, సాధన కాదు. రోగం. ఆ రోగాన్ని పదహారడుగుల ఫ్లెక్సు మీద అచ్చేసి పంజాగుట్ట చౌరస్తాలో కట్టించినవాణ్ణి నేనే. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన్ని పొగడ్డానికి చాలామంది ఉన్నారు. వాళ్ళకి జరిగింది తెలీదు.

నాది అమీర్‌పేటలో ఫ్లెక్సుల షాపు. భీమవరం నుంచి వచ్చి పాతికేళ్ళయింది. కోచింగ్ సెంటర్ల బోర్డులూ, పుట్టినరోజు శుభాకాంక్షలూ, శ్రద్ధాంజలులూ, అన్నీ ఒకే కంప్యూటర్ మీద చేస్తాను. అలా మౌసు పట్టుకునీ పట్టుకునీ కుడి భుజం బిగుసుకుపోయింది. చొక్కా తొడగాలంటే మా ఆవిడ సాయం పట్టాల్సి వచ్చేది. సూదులైపోయాయి, బెల్టులైపోయాయి. బోర్డు కోసం వచ్చిన కోచింగ్ సెంటర్ మేనేజరు నా అవస్థ చూసి, "మా బిల్డింగ్ పైన పొద్దున్నే ఒక పెద్దమనిషి తాయిచీ నేర్పుతుండు. పోయి చూడు అన్నా" అన్నాడు.

వెళ్ళాను. నాలుగో అంతస్తు పైన డాబా. చుట్టూ జావా, పైథాన్ బోర్డుల వెనక ఇనప చట్రాలు, కింద మెట్రో చప్పుడు. ముప్పై మంది నీళ్ళలో నడుస్తున్నట్టు నెమ్మదిగా కదులుతున్నారు. వాళ్ళ ముందు లుంగీ పైకి కట్టి, చేతుల బనీనుతో ఒక నల్లటి బక్క మనిషి. రిటైరైన సిటీ బస్సు కండక్టరు. డ్యూటీలో ఉన్న రోజుల్లో పంజాగుట్టలో ఒక చైనీస్ హోటల్లో వంట చేసే పెద్దాయన ఆయన బస్సులోనే ఎక్కేవాడట. కలకత్తాలో పుట్టిన చైనా వాడు. ఆయన దగ్గర మాస్టారు పదకొండేళ్ళు నేర్చుకున్నారు. క్లాసు మొదలెట్టడానికి "రైట్ రైట్" అనేవారు. ఆపడానికి "హోల్డాన్".

మొదటి రోజు నా చెయ్యి పట్టుకుని పైకి లేపబోయారు. నేను కెవ్వుమన్నాను.

"ఏం పని జేస్తవ్?"

"ఫ్లెక్సులు చేస్తానండీ."

"ఇది భుజం గాదయ్యా ఫ్లెక్సూ, వానకాలం దర్వాజ. ఉబ్బి కూసున్నది."

అందరూ నవ్వారు. నొప్పి మాస్టారూ, చచ్చిపోతున్నాను మాస్టారూ అన్నాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆయన అందరివైపూ తిరిగి, నా ఏడుపుముఖం అచ్చు గుద్దినట్టు పెట్టి చూపించారు. ముప్పై మంది ముందు! అంత నవ్వులోనూ ఆయన నాకు చెప్పిన మాట ఇది: "నొప్పంటే చిల్లర లేదనే ప్యాసింజర్ అసొంటిది. జేబులనే ఉంటది, లేదంటది. కోపం జెయ్యొద్దు, ముందటికి పోవద్దు. ఆడనే నిలవడి అడుగుతుండాలె."

ఆయన నోరు అలాంటిది. కానీ ఆ నోటికి జడిసి ఎవరూ మానేవారు కాదు. ఎందుకంటే ఆ ఒళ్ళు చెప్పే మాట వేరు. ఒకసారి ఆయనతో ఎర్రగడ్డ రైతుబజారుకి సిటీ బస్సులో వెళ్ళాను. కాలు పెట్టే చోటు లేదు. ఎస్.ఆర్. నగర్ దాటాక ఎవడో అడ్డమొచ్చాడని డ్రైవరు గట్టిగా బ్రేకేశాడు. రెండు చేతులా రాడ్డు పట్టుకున్న నేను ముందున్నావిడ మీద పడి తిట్లు తిన్నాను. మాస్టారి చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే ఉన్నాయి. మోకాళ్ళు కాస్త మెత్తబడ్డాయి, నడుము ఒక బెత్తెడు జారి మళ్ళీ తన చోటికి వచ్చింది, అంతే. వంకాయల ధర గురించి చెబుతున్న మాట కూడా మధ్యలో ఆగలేదు.

"రాడ్డు వట్టుకున్నోడే వడ్తడు," అన్నారు దిగాక. "నువ్వు చేతులతోని నిలవడ్డవ్. బండి సంగతి చేతులకేం ఎర్క? మడిమెకు ఎర్క."

మేం బళ్ళో చదివి మర్చిపోయిన సంయోజక కణజాలాన్ని ఆయన లోపలి బనీను అనేవారు. "తోలు కింద అందరికీ ఒక బనీను ఉంటది. కుట్టు లేదు, గుండీ లేదు. అరికాలు కాడికెల్లి మాడ దాక ఒక్కటే బట్ట. ఒక్క కాడ బిగవడితే అంతటా గుంజుతది. నువ్వు భుజం ఎత్తకు. మడిమె కాడ జర ఇడువు. భుజం దానంతట అదే లేస్తది." ఎనిమిది నెలలు ఇదే మాట. ఒకరోజు పొద్దున అటక మీద డబ్బా దించి కింద పెట్టాక గానీ, దించింది కుడిచేత్తోనని నాకు తెలియలేదు. మా ఆవిణ్ణి పిలిచి మళ్ళీ ఎత్తి చూపించాను. ఈ భుజం ఆయన పెట్టిన భిక్ష. ఆ రుణం పక్కనే తక్కినదంతా చెప్పాలి, లేకపోతే నేను మనిషినే కాదు.

మూడో ఏడు చలికాలంలో ఆయన వేళ్ళు తెల్లబడడం మొదలైంది. సున్నంలో ముంచినట్టు కొసలు తెల్లగా, కాసేపటికి నీలంగా. చలి అనుకున్నాం. చేతులు చంకల్లో పెట్టుకుని నేర్పేవారు. ఎండలొచ్చాక వేళ్ళు కొద్దిగా వంగి, వంగినట్టే ఉండిపోయాయి. ఆ తర్వాత ముఖం మారింది. నుదుటి మీద గీతలు పోయాయి, కళ్ళ కింద సంచులు పోయాయి, ముక్కు కోసుగా తేలింది, బుగ్గలు నున్నగా మెరిశాయి. నెలనెలా ఇంకా పడుచుదనం! డాబా అంతా గుసగుసలు. ఇది చీ, అంటే చైనా వాళ్ళు చెప్పే ప్రాణశక్తి, అన్నారు ఒకరు. అవునవును అన్నాం అందరం.

అంతకంటే తలకొట్టుకోవాల్సింది ఇంకోటుంది. మొదటి భంగిమలో రెండు చేతులూ భుజాల ఎత్తుకి లేవాలి. ఆయనవి రొమ్ము దగ్గరే ఆగడం మొదలైంది. కుడిచెయ్యి తలపైకి వెళ్ళే భంగిమలో గడ్డం దాటేది కాదు. అడుగులు పొట్టివయ్యాయి. మేమేమనుకున్నామో తెలుసా? మాస్టారు పై మెట్టు ఎక్కారనుకున్నాం. కదలిక బయటి నుంచి లోపలికి పోయింది, ఇంక ఆయనకి చెయ్యి ఎత్తాల్సిన పని లేదు అని నేనే కొత్తవాళ్ళకి విడమరిచి చెప్పాను. పాతవాళ్ళలో ఒకణ్ణి కదా! మేమూ రొమ్ము దగ్గరే ఆపాం. వేళ్ళు వంచాం. క్లాసయ్యాక ఇరానీ హోటల్లో ఆయన ప్రతిదీ టీలో ముంచుకుని, చిన్న ముక్కలు చేసుకుని తింటుంటే అది మితాహారమనుకుని మేమూ ముంచుకున్నాం. ముప్పై మందిమి చదువుకున్నవాళ్ళం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయాం.

అప్పుడే నాకు ఫ్లెక్సు ఆలోచన వచ్చింది. ఎడమవైపు ఏడాదిన్నర కిందటి ఫొటో, ముడతల ముఖం. కుడివైపు ఇప్పటిది. నడుమ బాణం గుర్తు. 'తాయిచీతో తరగని యవ్వనం! ఈ ముఖంలో ఒక్క ముడత చూపించండి!' కింద నా ఫోన్ నంబరు. మాస్టారు షాపుకి వచ్చి స్క్రీన్ మీద చాలాసేపు చూశారు.

"ఇది నా మొకమేనా?" అన్నారు. బుగ్గ మీద వేలు ఆనించి, "గుంజినట్టుంటదయ్యా," అన్నారు.

"ఆ బిగువు కోసమే మాస్టారూ జనం క్రీములు రాసుకుని చచ్చేది," అన్నాను. నవ్వబోయారు. నోరు పూర్తిగా సాగలేదు. అది కూడా చూశాను.

బోర్డు పెట్టిన వారంలోనే డాబా నిండిపోయింది. రెండో బ్యాచ్ పెట్టాం. దసరాకి ముందు ఒక మధ్యాహ్నం షాపులో ఉండగా ఫోన్ వచ్చింది. ఆడగొంతు.

"పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బోర్డు చూసి చేస్తున్నానండీ. ఆ రెండు ఫొటోలకీ మధ్య ఎంతకాలం?"

"ఏడాదిన్నరండీ. మీరూ చేరచ్చు."

"ఆయన నోరు పూర్తిగా తెరవగలుగుతున్నారా? చలికి వేళ్ళు తెల్లబడతాయా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీకేం కావాలండీ అసలు? ఫ్రీ క్లాసా?"

"నేను డాక్టర్ని. ఇక్కడే హాస్పిటల్లో చేస్తాను. ముడతలు అలా పోవండీ. ఆయన్ని ఒకసారి తీసుకురండి, ఆలస్యం చెయ్యకండి."

పెట్టేశాను. మాస్టారికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, డాక్టర్లకి అందరూ రోగుల్లాగే కనబడతారని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా బోర్డు తప్పని ఒప్పుకోవాల్సి వస్తుందని చెప్పలేదు. పదిమందిలో నా మాట నెగ్గుతోంది, డాబా కిటకిటలాడుతోంది, అంతా నా చలవేనని ఊరేగుతున్నాను. కళ్ళు నెత్తికెక్కాయి.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు క్లాసు అయిపోయింది, అందరూ దిగిపోయారు. మెట్ల దగ్గర ఆయన నన్ను ఆపారు. ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి అడిగారు.

"అయ్యా, చెయ్యి లేస్తలేదు. దమ్ము సుత ఆడ్తలేదు. ఏందో అర్థమైతలేదు. డాక్టర్‌కు చూపెట్టుకోవాల్నంటవా?"

ఆ ఒక్క ప్రశ్నకి అవునంటే సరిపోయేది. ఫోన్‌లో ఆవిడ నంబరు ఉంది. కానీ నా నోట్లోంచి వచ్చింది ఏమిటంటే, "చిల్లర జేబులోనే ఉంటుంది మాస్టారూ. నిలబడి అడగండి."

ముప్పై మంది నవ్విన రోజు అన్నేళ్ళు నా కడుపులో ఎక్కడ దాక్కుందో! ఆయన నన్ను ఒక్క క్షణం చూశారు. "మంచిగ జెప్పినవ్," అని మెట్లు దిగారు. వేళ్ళు ముడుచుకోవు కాబట్టి మణికట్టు రెయిలింగుకి తగిలించి, ఒక్కో మెట్టే దిగారు. బస్సులో కూడా ఏ రాడ్డూ పట్టుకోని మనిషి. చూస్తుంటే నాకు ఓ రవ్వ సంతోషం కలిగింది. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ కలిగింది.

ఇంకో నాలుగు నెలలు అలాగే నడిచింది. వేసవిలో ఒక ఉదయం ఇరానీ హోటల్లో సమోసా ముక్క ఆయన గొంతులో ఇరుక్కుంది. మింగుడు పడదు, బయటికి రాదు. కళ్ళు తేలేశారు. వీపు మీద చరిచి చరిచి బయటికి తీయించాక, ఫోన్‌లో ఆ నంబరు వెతికాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

డాక్టరమ్మ ఆయన వేళ్ళ మీద చర్మం చిటికెతో పట్టుకోబోయింది. దొరకలేదు. ఎముకకి అతుక్కుపోయి ఉంది. స్కాన్లు తీయించి, సాయంత్రం కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "మన ఒంట్లో ప్రతి కండనీ, ప్రతి అవయవాన్నీ చుట్టి, ఒకదాన్తో ఒకటి కలిపే పొర ఉంటుందండీ. కనెక్టివ్ టిష్యూ అంటాం. మీకు అది గట్టిపడిపోతోంది. చర్మంలో మొదలై గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి వచ్చేసింది."

మాస్టారు నవ్వారు. నోరు సాగకపోయినా ఆ నవ్వు నాకు వినబడింది. "మేడమ్, గా పొర మీదనే ఇన్నేండ్ల సంది పాఠం జెప్తున్న. నా బనీనే నన్ను వట్టుకున్నదా?"

ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఆ బోర్డు మీదేనా? దసరా ముందు నేను ఫోన్ చేస్తే ఎవరో ఫ్రీ క్లాసా అన్నారు," అంది.

నేను తల వంచుకున్నాను. ముందే వచ్చుంటే అని గొణిగాను. "ఊపిరితిత్తులు ఇంత పాడయ్యేవి కావేమో. ఏమో అనే చెప్పగలను," అంది. మాస్టారి మెడ తిరగదు. కుర్చీలో ఒళ్ళంతా తిప్పి నన్ను చూశారు. ఆటో పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగాక అడిగారు.

"ఎన్ని నెలలైంది, ఆమె ఫోన్ జేసి?"

"ఏడు."

"ఏడు," అన్నారు.

మందులు మొదలయ్యాయి. బోర్డు విప్పించడానికి మర్నాడే చౌరస్తాకి పరిగెత్తాను. అప్పటికే ఎవరో కోసుకుపోయారు. నెల తర్వాత చూశాను, కొబ్బరిబోండాల బండి మీద కప్పుకున్నారు. మాస్టారి కొత్త ముఖం తలకిందులుగా ఎండకి మెరుస్తోంది. ఇచ్చెయ్యమని అడిగితే, "వానలొస్తున్నయి సార్, గిది మస్తు గట్టిగున్నది," అన్నాడు బండాయన.

మాస్టారు డాబాకి రావడం మానలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నన్ను ముందు నిలబెట్టి చేయించేవారు. నా అడుగు తప్పితే తిట్టేవారు కాదు. "ఏడు," అనేవారు. మడమ బిగిస్తే "ఏడు". తొందరపడితే "ఏడు". అందరూ అదేదో అడుగుల లెక్క అనుకుని మనసులో గుర్తుపెట్టుకునేవారు. నాకొక్కడికే అది చర్మం లేచేలా తగిలేది. ఇంటికెళ్ళి మా ఆవిడతో ఇంక వెళ్ళనని చెప్పి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళేవాణ్ణి. ఆయన నన్ను క్షమించలేదు. నేను అడగనూ లేదు. కానీ ఆ కుర్చీలోంచి, ఊపిరి అందకుండా, ఒక్కో మాటా కూడదీసుకుని ఆయన నేర్పినంత ఇంకెవరూ నాకు నేర్పలేదు. కోపంతో కూడా పాఠం చెప్పచ్చని ఆయన దగ్గరే చూశాను.

వర్షాలు పడేసరికి మంచం పట్టారు. బోనాలకి వచ్చిన జనంతో బల్కంపేటలో వాళ్ళ సందంతా కిక్కిరిసి ఉంటే, లోపల ఆక్సిజన్ మిషను చప్పుడు. పోవడానికి పది రోజుల ముందు నన్ను పిలిపించారు. మంచం పక్కన చాప తీయించి, నేల ఖాళీ చేయించారు.

"నా ఒంటికి యాది లేదయ్యా. నేనెట్ల జేస్తుంటినో మర్సిపోయిన. నువ్వు జెయ్. ఒక్కసారి జూస్త."

 ఆయన అడిగిన ఒకే ఒక్క కోరిక. నిలబడ్డాను. మోకాళ్ళు వదిలాను, మడమ వదిలాను. చేతులు లేచాయి. మాస్టారి భార్య స్టీలు గ్లాసుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. "గీ సారు అచ్చం నీ లెక్కనే జేస్తుండు," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"హోల్డాన్," అన్నారు మాస్టారు.

ఆగాను. నా చేతులు రొమ్ము దగ్గర ఉన్నాయి. వేళ్ళు వంగి ఉన్నాయి.

"అది నా రోగం," అన్నారు. "నాది జెయ్."

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కావాలని పైకి ఎత్తాను. భుజం బిగిసింది, కొయ్యలా లేచింది. అది ఆయనది కాదు, నాకే తెలుస్తోంది. మూడోసారి వదిలేసి చేశాను. చెయ్యి మళ్ళీ రొమ్ము దగ్గరే ఆగింది, మెత్తగా, హాయిగా, ఏ ప్రయత్నమూ లేకుండా. రెండేళ్ళపాటు రోజూ పొద్దున్నే నేర్చుకున్నది అదే. నాకు సహజంగా వచ్చేది ఇప్పుడు ఆ రోగం ఒక్కటే. నా వెనక డాబా మీద అరవై మందికి నేను నేర్పిందీ అదే.

"మీరే చూపించండి మాస్టారూ," అన్నాను. ఎవరైనా అనే మాటేనా అది?

ఆయన నా మీద కోప్పడలేదు. దుప్పటి మీంచి కుడిచెయ్యి లేచింది. ఛాతీ దాకా వచ్చి ఆగింది. అక్కణ్ణించి పైకి ఇంకెంత వెళ్ళాలో, మణికట్టు ఎటు తిరగాలో చెప్పడానికి గడ్డం కొంచెం ఎత్తి, కళ్ళు పైకి తిప్పారు. నేను ఆ చూపు వెంట నా చెయ్యి ఎత్తాను. కాదన్నట్టు రెప్ప వేశారు. కాస్త పక్కకి తెచ్చాను. కాదన్నారు. ఆయన చెయ్యి వణుకుతూ అక్కడే, గాల్లోనే ఉంది. దించెయ్యండి మాస్టారూ, చాలు అంటే వినలేదు. నాకు అర్థమయ్యేదాకా దించరట.